అరచేతులు వెచ్చబడ్డాక

రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కగానే మొదట చేతులు కడుక్కుంటాను. తర్వాత అరచేతులు రెండూ వెచ్చబడేదాకా గట్టిగా రుద్దుకుంటాను. ఏసీ గదిలో శానిటైజర్ రాసుకున్న చెయ్యి ఐసుముక్కలా ఉంటుంది. స్టెతస్కోప్ బిళ్లను కూడా కాసేపు గుప్పిట్లో పట్టుకుంటాను. ఈ అలవాటు నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. వాడి సంగతి తర్వాత చెబుతాను.

అప్పుడు వెళ్లి మంచానికి కాళ్ల వైపు నిలబడతాను. తలవైపు గోడకు మానిటర్ ఉంటుంది. దాని మీద రంగురంగుల గీతలు పరుగెడుతుంటాయి. ఒక్క నిమిషం పాటు వాటి జోలికి పోను. బిడ్డనే చూస్తాను. నేను కొత్తగా చేరినప్పుడు మా హెడ్ సిస్టర్ గారు నా భుజాలు పట్టుకుని ఇలాగే నిలబెట్టారు. “ఆ గోడ మీది అంకెలు ఎక్కడికీ పోవమ్మాయ్. ముందు బిడ్డను చూడు” అన్నారు. పిల్లల ఐసీయూలో నాకిది 21వ సంవత్సరం. ఈలోగా మెషీన్లు ఎన్నో మారాయి. ఆ ఒక్క నిమిషం మాత్రం మానలేదు.

మా వార్డు బయట బెంచీల మీద రాత్రంతా కూర్చునే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. గాజు తలుపు అవతలి నుంచి చూస్తే గొట్టాలూ వైర్లే కనిపిస్తాయి. వాటి మధ్య మీ బిడ్డను మేం గంటగంటకీ ఎందుకు ముట్టుకుంటామో, ఏం వెతుకుతామో, ఏం వింటామో మీకు తెలియాలని నా కోరిక.

ముందు వెంటిలేటర్ గురించి నాలుగు మాటలు. మనం ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ అడుగున ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగుతుంది, పక్కటెముకలు విచ్చుకుంటాయి, గాలి తనంత తాను లోపలికి వస్తుంది. వెంటిలేటర్‌ది తిరగేసిన పద్ధతి. నోట్లోంచి శ్వాసనాళంలోకి దించిన గొట్టం గుండా గాలిని ఒత్తిడితో లోపలికి తోస్తుంది. అది జబ్బు నయం చెయ్యదు. న్యుమోనియాకు మందు పట్టేదాకా, విషం దిగేదాకా, అలసిపోయిన బిడ్డ తరఫున ఊపిరి మోస్తుంది, అంతే.

పిల్లలు త్వరగా అలసిపోతారు. చంటిబిడ్డ పక్కటెముకలు మెత్తగా, దాదాపు అడ్డంగా ఉంటాయి. ఊపిరి భారమంతా డయాఫ్రమ్ మీదే పడుతుంది. బరువుతో పోల్చి చూస్తే చంటిబిడ్డ పెద్దవాళ్లకు రెట్టింపు ఆక్సిజన్ వాడుకుంటుంది. శ్వాసనాళమా, చాలా సన్నం. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వచ్చిందంటే దారి నాలుగో వంతుకు పడిపోతుంది, గాలి నడకకు అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. “డొక్కలెగరేస్తున్నాడమ్మా” అని అమ్మమ్మలు బిడ్డను ఎత్తుకుని పరుగున వస్తారే, అది ఈ భారమే. మా పుస్తకాల్లో దానికి వేరే పేర్లున్నాయి గానీ, ఆ ఒక్క మాటలో ఉన్నంత చూపు వాటిలో లేదు.

వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ డొక్కలు ఎగరెయ్యకూడదు. ఎగరేస్తోందంటే మెషీన్ చెయ్యాల్సిన పని బిడ్డ చేస్తోందన్నమాట. మంచం దగ్గర ఆ ఒక్క నిమిషంలో నేను మొదట చూసేది ఇదే. ముక్కుపుటాలు అదురుతున్నాయా? గొంతు కింది గుంట లోపలికి పోతోందా? మెషీన్ గాలి ఇచ్చినప్పుడల్లా ఛాతీ లేస్తోందా, లేక బిడ్డ ఒక తాళం, మెషీన్ ఒక తాళం వేసుకుంటున్నాయా? ఛాతీ లేచేటప్పుడు రెండు పక్కలా ఒకేసారి, ఒకే ఎత్తున లేస్తోందా?

ఈ చివరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగుతాను. ఇక్కడే ఒకసారి తప్పు చేశాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. 14 నెలల పాప, న్యుమోనియా. 4 నంబరు గొట్టం వేసి, పెదవి దగ్గర 12 సెంటీమీటర్ల గుర్తు ఉండేలా ప్లాస్టర్ అంటించారు. సాయంత్రం ఎక్స్‌రే కోసం పాపను అటూ ఇటూ కదిపారు. రాత్రి నేను డ్యూటీలోకి వచ్చేసరికి మానిటర్ శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 95 చూపిస్తోంది. బాగుంది అనుకున్నాను. ఛాతీ ముందువైపు స్టెతస్కోప్ పెట్టాను, రెండువైపులా చప్పుడు వినిపించినట్టే అనిపించింది. ‘రెండు పక్కలా గాలి సమానం’ అని చార్టులో రాసేశాను. అరగంట తర్వాత హెడ్ సిస్టర్ గారు వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డారు. ఆమె ఏమీ అనలేదు. నా చెయ్యి తీసుకుని పాప ఎడమ పక్క మీద పెట్టారు, రెండో చెయ్యి కుడి పక్క మీద పెట్టారు. కుడి పక్క మీది చెయ్యి లేచి దిగుతోంది. ఎడమ పక్క మీది చెయ్యి కదల్లేదు.

చొంగకు ప్లాస్టర్ తడిసి ఊడింది. గొట్టం మీద పెదవి దగ్గర 12 కాదు, 13న్నర కనిపిస్తోంది. అంత చిన్న బిడ్డకు శ్వాసనాళం పొడవు వేలెడే. ఒకటిన్నర సెంటీమీటరు జారిందంటే గొట్టం మొన శ్వాసనాళం చీలేచోటు దాటి ఒక పక్కకు దిగిపోతుంది. ఎక్కువగా కుడి పక్కకే, ఎందుకంటే ఆ దారి నిటారుగా, వెడల్పుగా ఉంటుంది. అప్పుడు మెషీన్ తోసే గాలంతా కుడి ఊపిరితిత్తిలోకే పోతుంది. ఎడమది ముడుచుకుపోతుంటుంది. మరి 95 ఎలా చూపించింది? పాపకు 60 శాతం ఆక్సిజన్ ఇస్తున్నాం. మామూలు గాలిలో ఉండేది 21 శాతమే. ఆ అదనపు ఆక్సిజన్ కాసేపటిదాకా అంకెను నిలబెట్టింది. డాక్టర్ గారు వచ్చి గొట్టాన్ని సరిచేశారు, ఎడమ పక్క లేచింది. పాప కోలుకుని ఇంటికి వెళ్లింది. నేను రాసిన ఆ వాక్యం మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. విన్నానని రాశాను, వినలేదు.

అప్పటినుంచి ముందువైపు విని ఊరుకోను. పిల్లల ఛాతీ చిన్నది, పల్చన. ఒక పక్క చప్పుడు రెండో పక్కకు పాకుతుంది. అందుకని చంకల్లో వినాలి. కుడి చంక, ఎడమ చంక, మళ్లీ కుడి చంక. తర్వాత పొట్ట మీద. గొట్టం పొరపాటున ఆహారనాళంలోకి పోయుంటే గాలి అక్కడ బుడబుడలాడుతుంది. ప్రతిసారీ పెదవి దగ్గర అంకె చదివి, ప్లాస్టర్ అంచు గోటితో తడిమి చూస్తాను. బిడ్డ గడ్డం ఛాతీకేసి వంగితే గొట్టం లోపలికి దిగుతుంది, తల వెనక్కి వాలితే పైకి వస్తుంది. అందుకే పక్క సర్దిన ప్రతిసారీ, బోర్లా తిప్పినా వెల్లకిలా తిప్పినా, మళ్లీ మొదటినుంచీ చూస్తాం. అదే పని మాటిమాటికీ ఎందుకు చేస్తున్నారని బయట అడుగుతుంటారు. కారణం ఇది.

మానిటర్‌ను తీసిపారేస్తున్నానని అనుకోకండి. వేలికి తగిలించే శాచురేషన్ క్లిప్పు వెనకున్న ఉపాయం 1970ల మొదట్లో జపాన్ ఇంజినీరు టకువో అఓయాగికి తట్టింది. ఆ చిన్న క్లిప్పు ఎంతమంది పిల్లల్ని కాపాడిందో నా కళ్లారా చూశాను. గొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే గీత ఇంకా గొప్పది. గొట్టం శ్వాసనాళం విడిచి వచ్చిందంటే అందరికన్నా ముందు చెప్పేది అదే. కానీ శాచురేషన్ అంకె శరీరం కన్నా కొంచెం వెనక నడుస్తుంది. కాళ్లూ చేతులూ చల్లబడితే తప్పులు చదువుతుంది. ఒంటి రంగు కూడా దాన్ని తికమక పెడుతుంది. 2020లో అమెరికాలో పెద్దవాళ్ల మీద వచ్చిన ఒక అధ్యయనం, ఆక్సిజన్ పడిపోయినా క్లిప్పు కనిపెట్టలేకపోవడం తెల్లవాళ్లలో కన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఎక్కువగా జరిగిందని తేల్చింది. మన పిల్లలు చామనఛాయవాళ్లు, నల్లనివాళ్లు. కాబట్టి వేలి క్లిప్పు ఏమన్నా సరే, నాలుక రంగు, పెదవి లోపలి రంగు, చిగుళ్లు టార్చి వేసి చూస్తాం. నీలి ఛాయ ముందు అక్కడే తెలుస్తుంది.

ఈ పనిలో చేతికున్న విలువ గురించి మాట్లాడితే నాకు కోపెన్‌హేగెన్ గుర్తొస్తుంది. 1952 వేసవిలో ఆ ఊరిని పోలియో చుట్టుముట్టింది. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు, మింగే కండరాలు పడిపోయిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆగస్టు 27న బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, ప్రాణం పోతున్న 12 ఏళ్ల పాప గొంతుకు రంధ్రం పెట్టించి, గొట్టం వేయించి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. పాప బతికింది. కానీ అంతమందికి మెషీన్లెక్కడివి? వైద్య విద్యార్థుల్ని పిలిచారు. దాదాపు 1,500 మంది వంతులవారీగా వచ్చి, రాత్రీ పగలూ, నెలల తరబడి ఆ సంచులు నొక్కారు. మంచం పక్కన కూర్చుని, బిడ్డ ముఖం చూస్తూ, ఛాతీ చూస్తూ, సంచి బిగుసుకుంటే కఫం అడ్డుపడిందని చేత్తోనే పోల్చుకుంటూ. పదిమందిలో దాదాపు తొమ్మిది మంది పోయే జబ్బులో చావులు క్రమంగా నాలుగో వంతుకు దిగివచ్చాయి. పిల్లల కోసం విడిగా ఐసీయూ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1955లో మొదలైంది. నేను చేస్తున్న ఉద్యోగానికి ఆ విద్యార్థులే పూర్వీకులని నా నమ్మకం.

వాళ్లు చేసింది మేం ఇప్పటికీ చేస్తాం. బిడ్డకు ఉన్నట్టుండి శాచురేషన్ పడిపోయి, గుండె వేగం తగ్గుతోందంటే, మెషీన్ మీద బొత్తాలు వెతుక్కుంటూ కూర్చోం. మెషీన్ నుంచి గొట్టం విడదీసి, అంబు బ్యాగు తగిలించి చేత్తో నొక్కుతాం. బ్యాగు తేలిగ్గా పోయి, ఛాతీ లేచి, రంగు తిరిగితే తప్పు మెషీన్‌దో పైపులదో. బ్యాగు రాయిలా బిగుసుకుంటే గొట్టంలో కఫం గడ్డకట్టిందేమో, సక్షన్ పైపు దింపి చూడాలి. ఛాతీ లేవకుండా పొట్ట లేస్తుంటే గొట్టం తప్పింది. ఒక పక్క ఉబ్బిపోయి అక్కడ చప్పుడు లేకపోతే ఊపిరితిత్తి చిట్లి గాలి చుట్టూ చేరింది. చంటిబిడ్డలకైతే గదిలో లైట్లు ఆర్పి, ఛాతీకి సన్నటి లైటు ఆనిస్తే, గాలి చేరిన పక్క ఎర్రగా దీపంలా వెలుగుతుంది. అప్పుడు సూదితో ఆ గాలి తియ్యాలి. ఇదంతా నిమిషాల్లో. పిల్లల గుండె చాలామందిలో తనంత తాను ఆగదు, ఊపిరి అందకనే నెమ్మదిస్తుంది. అందుకే గుండె నెమ్మదిస్తే మేం ముందు ఊపిరి వెతుకుతాం.

ఇంకో సంగతి బయటివాళ్లకు వింతగా ఉంటుంది. గొట్టం స్వరపేటిక మధ్యలోంచి పోతుంది కాబట్టి, వెంటిలేటర్ మీదున్న బిడ్డ ఏడిస్తే చప్పుడు రాదు. నోరు తెరుచుకుంటుంది, నుదురు ముడుచుకుంటుంది, కన్నీళ్లు కారతాయి. ఏడుపు కనిపిస్తుంది, వినిపించదు. ఒకవేళ ఆ బిడ్డ గొంతు వినపడిందా, వార్డులో ఏ మూలనున్నా పరుగెడతాం. గొట్టం బయటికి వచ్చి ఉండొచ్చు, లేదా దాని పక్కనుంచి గాలి కారుతుండొచ్చు.

చప్పుడు లేని ఏడుపును చదవడం కోసమే కొలతలున్నాయి. మేం వాడేది కంఫర్ట్ స్కేలు. 1992లో వెలువడిన దాన్ని తర్వాత సరళం చేశారు. 2 నిమిషాలు బిడ్డనే చూస్తూ కూర్చుని, మెలకువ, నెమ్మది, మెషీన్‌తో పొత్తు, కదలిక, కండరాల బిగువు, ముఖంలో ముడత, ఈ ఆరింటికీ ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తాం. మొత్తం మరీ ఎక్కువైతే నొప్పో భయమో ఉంది, మరీ తక్కువైతే మత్తు ఎక్కువైంది. మత్తు ఎక్కువైతే వెంటిలేటర్ మీద రోజులు పెరుగుతాయి, కండరాలు కరుగుతాయి. ఆ 2 నిమిషాలు పనిలేక కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ, డ్యూటీ మొత్తంలో అతి కష్టమైన పని అదే. చూపు మరల్చకుండా ఒక బిడ్డ బాధను చూడాలి.

కండరాలే పనిచెయ్యని బిడ్డకు ఆ కొలత కూడా ఉపయోగపడదు. చెబుతానన్న పిల్లవాడు అలాంటివాడే.

ఏడేళ్లవాడు. వర్షాకాలం, ఇంట్లో అందరితో కలిసి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పని లేచాడు, వాంతి చేసుకున్నాడు. రాత్రి తిన్నదేదో పడలేదనుకున్నారు. పొద్దెక్కేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది, ఉమ్ము మింగలేకపోయాడు. కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా కంటికి ఆనదు. మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి ఆగిపోతోంది. గొట్టం వేసి మెషీన్ పెట్టారు, విషానికి విరుగుడు ఇంజక్షన్లు ఇచ్చారు. కానీ కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. అప్పటికే తగిలిన దెబ్బను విరుగుడు మాన్పలేదు. ఆ చివర్లు మళ్లీ బాగుపడేదాకా, రోజులో వారాలో, మెషీనే ఊపిరి.

ఆ రాత్రి వాడికి కదలిక లేదు. గిల్లినా చలనం లేదు. రెప్పలెత్తి టార్చి వేస్తే కనుపాపలు పెద్దవై, వెలుతురుకు ముడుచుకోకుండా నిలిచిపోయి ఉన్నాయి. ఇంకో జబ్బులోనైతే మెదడు పోయిందనే భయం వేసే గుర్తులివి. కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టర్ ముఖం పాలిపోయింది. మా ప్రొఫెసర్ గారు వచ్చి, “కట్లపాము కేసులో కనుపాపల్ని నమ్మొద్దు. మీరు మాట్లాడేదంతా వీడు వింటున్నాడనుకుని మాట్లాడండి” అన్నారు. విషం కండరాలను కట్టేసింది, మెదడును కాదు. లోపల పిల్లవాడు మేలుకునే ఉండొచ్చు. వాడికి నొప్పి పెడితే ముఖం ముడవలేడు, చెయ్యి లాక్కోలేడు. గుండె వేగం పెరగడం, చెమట పట్టడం, కంటి మూల నీటిచుక్క, ఇవే వాడి మాటలు. వాళ్లమ్మ వచ్చి చెవి దగ్గర పేరు పెట్టి పిలిస్తే, 104 ఉన్న గుండె వేగం 120 దాటింది. అప్పుడు మాత్రం మానిటర్ వైపు తిరిగి, కళ్లు తుడుచుకుని, ఆ అంకెను వాళ్లమ్మకు చూపించాను.

మూడో రోజు నుంచి “నాన్నా, కాలి బొటనవేలు కదుపు” అని ప్రతి గంటా అడిగాం. నాలుగో రోజు రాత్రి కదిలింది. గడ్డిపోచ ఊగినంత. దాంతో ఒకసారి కదిపితే అవును, కదపకపోతే కాదు అని మాట్లాడుకున్నాం. సక్షన్ చెయ్యబోయే ముందు చెప్పి చేశాం. తొమ్మిదో రోజున గొట్టం తీశారు. మర్నాటికి గొంతు పెగిలింది. నేను పక్క సర్దుతుంటే బొంగురు గొంతుతో వాళ్లమ్మతో అన్నాడు: “రాత్రిపూట ఒక సిస్టర్ వచ్చేది. ఆమె చేతులు బాగా చల్లగుంటాయి. చెప్పకుండా పొట్ట మీద పెట్టేసేది.”

ఆ సిస్టర్ నేనే. వాడితో మాట్లాడాను, పేరు పెట్టి పిలిచాను, అన్నీ సరిగ్గా చేశాననుకున్నాను. కానీ ఆ చలికి వాడి లోపల ఏమైందో నాకు తట్టనే లేదు. అప్పటినుంచే అరచేతులు రుద్దుకోవడం, ముట్టుకునే ముందు “ఇప్పుడు పొట్ట చూస్తాను నాన్నా” అని చెప్పడం.

పొట్ట చూడటం కూడా ఊపిరి చూడటమే. గాలి నిండి పొట్ట ఉబ్బితే డయాఫ్రమ్ పైకి నెట్టబడి ఊపిరితిత్తులకు చోటు చాలదు. టేపు పెట్టి చుట్టుకొలత రాసుకుంటాం. మన పిల్లలకైతే దేవుడిచ్చిన టేపు ఇంకొకటి ఉంది, మొలతాడు. పొద్దున వదులుగా వేలాడిన తాడు సాయంత్రానికి చర్మంలోకి దిగబడి గీత పడిందంటే పొట్ట ఉబ్బిందనో, ఒంట్లో నీరు చేరిందనో అర్థం. డెంగ్యూ పిల్లల్లో ఇది చాలాసార్లు చూశాను. కాళ్లపట్టీలు కూడా అంతే, వదులుగా తిరిగేవి బిగుసుకుంటాయి.

పొట్ట దగ్గర్నుంచి చెయ్యి కాళ్ల మీదికి పోతుంది. మెషీన్ ఛాతీలోకి తోసే ఒత్తిడి గుండెకు తిరిగొచ్చే రక్తానికి కొంత అడ్డుపడుతుంది. అందుకని ఒత్తిడి పెంచిన ప్రతిసారీ పాదాలు పట్టుకుంటాను. వేళ్లు చల్లగా ఉన్నాయా, ఆ చల్లదనం చీలమండ దాటిందా, మోకాలిదాకా పాకిందా? ఛాతీ మీదో, వేలి కొస మీదో 5 సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడ్డ చోటికి రెండు మూడు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మూత్రం సంచి వంగి చూస్తాను. చిన్నపిల్లల్లో కిలో బరువుకు గంటకు 1 మిల్లీలీటరు దాకా వస్తుంటే ధైర్యం. 10 కిలోల బిడ్డకు గంటకు 10 మిల్లీలీటర్లు, రెండు చెంచాలంత. ఆ రెండు చెంచాల కోసం మేమెంత ఎదురుచూస్తామో చెప్పలేను.

ఇక చర్మం. కదలని బిడ్డకు తల వెనుక భాగం ఒరుసుకుపోతుంది, ఎందుకంటే పసివాళ్లలో మిగతా ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. జుట్టు విడదీసి చూడాలి. గొట్టం ఆనే పెదవి మూల, క్లిప్పు పెట్టిన వేలు, మూతపడని రెప్పల మధ్య ఎండిపోయే కన్ను. కంటికి మందు వేస్తాం, నోరు శుభ్రం చేస్తాం, తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచుతాం. నోట్లో, కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి జారకుండా.

పరీక్షలన్నీ అయ్యాక కూడా బయట ఒక ప్రశ్న కాచుకుని ఉంటుంది. 2003లో ‘ఠాగూర్’ సినిమా వచ్చింది. చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి ఆసుపత్రి డబ్బు గుంజే సన్నివేశం మన రాష్ట్రాల్లో చూడనివాళ్లు తక్కువ. ఆ భయం ఊరికే పుట్టిందని నేను అనను. కానీ దానివల్ల వెంటిలేటర్ మాట వినగానే, ఇక అయిపోయిందని బిడ్డను ఇంటికి తీసుకుపోతామనేవాళ్లు ఉంటారు. వారంలో లేచి కూర్చోగల న్యుమోనియా బిడ్డల్ని కూడా. వాళ్లతో వాదించడం నాకు చేతకాదు. డాక్టర్ గారిని అడిగి, చేతులు కడిగించి, లోపలికి తీసుకొస్తాను.

మొన్న అలాగే ఒకామె. నల్గొండ పక్క పల్లె, డెంగ్యూ వచ్చిన రెండున్నరేళ్ల కొడుకు. తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని, “సినిమాల చూపెట్టినట్టు చేస్తలేరు గదా సిస్టరమ్మా? నా కొడుకు ఉన్నడా?” అని అడిగింది. ఏ తల్లికైనా ఆ మాట నోటి వెంట రావడానికి ఎంత కావాలి. ఆమె చెయ్యి తీసుకుని బాబు పాదాల మీద పెట్టాను. “నిన్న మోకాలిదాకా చల్లగున్నాయమ్మా, చూడు.” వెచ్చగా ఉన్నాయి. ఎడమ ఛాతీ మీద పెట్టాను, గుండె అరచేతికి తగిలింది. “ఇది మెషీన్ కొట్టించేది కాదు. ఊపిరి మెషీన్‌ది, గుండె వాడిది.” మూత్రం సంచి చూపించాను. పెదవి తడుపుతుంటే వాడు మొహం పక్కకు తిప్పాడు, కనుబొమలు ముడిచాడు. “కోపమొచ్చింది వానికి” అంది ఆమె, ఏడుస్తూనే.

అప్పుడు దుప్పటి తీసి పొట్ట చూపించాను. నల్ల మొలతాడు చర్మంలో దిగబడి ఉంది, దానికి వెండి తాయెత్తు. కత్తిరించొచ్చు, చాలామంది కత్తిరించేస్తారు కూడా. కానీ ఎక్కడో మొక్కుకుని కట్టినదై ఉంటుంది. “నువ్వే వదులు చెయ్యమ్మా, వాడికి ఊపిరి ఆడటానికి చోటు కావాలి” అన్నాను. ఆమె ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది, వేళ్లు వణుకుతున్నాయి. తాయెత్తు పక్కకు జరిపి, రెండు వేళ్లు దూరేంత వదులుగా మళ్లీ కట్టింది. తాడు పడిన గీత మీద బొటనవేలితో మెల్లగా రాసింది.

నేను పెదవి దగ్గర అంకె చూశాను, 13. పొద్దున రాసుకున్నదీ 13. స్టెతస్కోప్ బిళ్లను గుప్పిట్లోంచి తీసి ఎడమ చంకలో పెట్టాను.